ఓటు వెనుక మనసు

'ఓటు' అన్నది ఇంగ్లీషు నుండి వచ్చి మన నోట పూర్తిగా తెలుగైపోయిన మాట. చిత్రమేమంటే, అది రాకముందే తెలుగులో 'ఓటి' అన్న విశేషణమొకటి ఉన్నది. బీటవారిన కుండను ఓటికుండ అంటాము. సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని చేతిలోకి తీసుకొని వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. కంటికి కనబడని బీటను ఆ మోత పట్టి ఇస్తుంది. ఈ రెండు మాటలకు వ్యుత్పత్తి సంబంధమేమీ లేదు. అయినను, భాష చదువుకొన్నవారికి ఇటువంటి పోలిక ఎదురైనప్పుడు దానిని విడిచిపెట్టి ముందుకు పోబుద్ధి కాదు. మనిషి తన ఓటుకు చెప్పుకొనే కారణాన్ని కూడా ఒకమారు అలా కొట్టి చూడవచ్చునా అన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నము.

మేము బోధించేది తెలుగు. మనస్తత్వశాస్త్రము మాకు పుస్తకాల ద్వారా మాత్రమే పరిచయము. ఐతే 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు, లోక్‌సభకు ఒకే దినమున పోలింగు జరిగిన తరువాత, వేసవి సెలవులు ముగిసి కళాశాల తెరిచిన వారములో ఒక చిన్న పరీక్ష చేసి చూచినాము. తరగతిలో తొలిసారి ఓటు వేసిన విద్యార్థులకు తలకొక చీటీ ఇచ్చినాము. పేరు వ్రాయవద్దని, ఎవరికి వేసినారో అసలే వ్రాయవద్దని చెప్పినాము. చీటీకి ఒక వైపున 'నేను వేసిన ఓటుకు కారణము', రెండవ వైపున 'మా పక్కింటివారు వేసిన ఓటుకు కారణము' వ్రాయవలెను. అంతే.

చీటీలను ఆ సాయంకాలము స్టాఫ్ రూములో కూర్చొని చదివినాము. మొదటి వైపున ఉద్యోగాలు, మంచినీరు, రోడ్లు, విద్య, సమర్థ నాయకత్వము ఉన్నవి. రెండవ వైపున డబ్బు, కులము, బంధుత్వము, భయము, 'వాళ్ళు ఎప్పుడూ ఆ గుర్తుకే వేస్తారు' అన్న మాట ఉన్నవి. ఈ విద్యార్థులలో పలువురు ఒకే వాడలో, ఒకరి పక్కింట ఒకరు ఉంటున్నవారే. అనగా ఒకరి చీటీలోని పక్కింటివారు మరొకరి చీటీలోని 'నేను'. తన ఓటుకు బుద్ధి కారణము, ఇరుగుపొరుగు ఓటుకు బలహీనత కారణము. ఒక్క చీటీ మీద మాత్రము రెండు వైపులా 'తెలియదు సార్' అని ఉన్నది. మొదట అది బద్ధకమనుకొన్నాము. తరువాత మరికొంత చదివిన మీదట ఆ విద్యార్థికి మనసులోనే క్షమాపణ చెప్పుకొన్నాము.

ఎందుకనగా, తన ఎంపికకు కారణము మనిషికి నిజముగానే తెలియకపోవచ్చునని శాస్త్రజ్ఞులు చూపినారు. రిచర్డ్ నిస్‌బెట్, తిమోతి విల్సన్ అను అమెరికను మనస్తత్వవేత్తలు 1977లో ప్రచురించిన వ్యాసములో ఒక ముచ్చట ఉన్నది. ఒక దుకాణములో నాలుగు జతల నైలాను మేజోళ్ళను వరుసగా పెట్టి, అందులో మేలైన జత ఏదని వచ్చినవారిని అడిగినారు. కుడివైపు చివరనున్న జతనే ఎక్కువమంది ఎంచుకొన్నారు. కారణమడిగితే నేత బాగున్నదని, నాణ్యము మెరుగని చెప్పినారు. నాలుగు జతలును ఒక్కటే! పెట్టిన చోటును బట్టి ఎంచుకొన్నారేమో అని సూచిస్తే, కాదు కాదని ఖండించినారు. వారు అబద్ధమాడలేదు. ఎంపిక ఒక చోట జరిగినది, కారణము మరొక చోట తయారైనది.

మేజోళ్ళకు, రాజ్యపాలనకు పోలికేమిటని అడుగవచ్చును. స్వీడన్ దేశములో 2010 సాధారణ ఎన్నికల ముందు లార్స్ హాల్, పెట్టర్ యోహాన్సన్, వారి సహచరులు ఓటర్లకు రాజకీయ ప్రశ్నల పత్రమొకటి ఇచ్చి, వారు పూర్తి చేసిన తరువాత చేతివాటముతో కొన్ని జవాబులను ఎదుటి పక్షమునకు అనుకూలముగా మార్చివేసినారు. మార్చిన జవాబులలో గుర్తింపబడినవి నాలుగవ వంతు కూడా లేవు. పైగా తాము ఇవ్వని జవాబును తమదేననుకొని, దానికి తగిన వాదములను వారే వినిపించినారు. మనసులో న్యాయవాది ఒకడు ఎప్పుడూ సిద్ధముగా ఉంటాడు. వకాలతు ఎవరు ఇచ్చినా పుచ్చుకొంటాడు.

ఈ సంగతి రాజకీయాలలో మొట్టమొదట గట్టిగా చెప్పినవారిలో ఒకరు గ్రాహం వాలెస్ అను ఆంగ్లేయుడు. 1908లో వెలువడిన తన గ్రంథములో, మనుష్యులు లాభనష్టములను లెక్కవేసుకొని ఓటు వేస్తారన్న నమ్మకమును ఆయన ప్రశ్నించినాడు. ఆయన లండన్ పురపాలక వ్యవస్థలో స్వయముగా సభ్యుడై ఎన్నికల రద్దీని కళ్ళారా చూచినవాడు, ఉత్త గ్రంథాలయ పండితుడు కాడు. పార్టీ పేరు, రంగు, గుర్తు అనునవి ఓటరు మనసులో పరిచిత వస్తువులై మమత పుట్టిస్తాయని ఆయన గమనించినాడు. 1951–52లో మన తొలి సార్వత్రిక ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించినారు. అక్షరజ్ఞానము లేనివారికై కల్పించిన ఆ సదుపాయము, అక్షరజ్ఞానము ఉన్నవారి మనసులలో కూడా ఎంత లోతుగా నాటుకొన్నదో మనకు తెలియనిది కాదు. 'మా ఇంట్లో తాతల నాటి నుండి ఆ గుర్తే' అన్నవారిలో పట్టభద్రులు లేరా?

ఇక గుర్తును విడిచి ముఖమును చూద్దాము. 2005లో అలెగ్జాండర్ తొదొరోవ్, ఆయన సహచరులు అమెరికా సెనేట్ ఎన్నికలలో పోటీపడిన ఇద్దరిద్దరి ఛాయాచిత్రములను, వారెవరో ఎరుగని జనమునకు క్షణకాలము చూపి, ఎవరు సమర్థులుగా కనబడుతున్నారని అడిగినారు. ఆ జవాబులు సుమారు 70 శాతము సందర్భములలో ఎన్నికల ఫలితములతో సరిపోయినవి. 2009లో ప్రచురింపబడిన మరొక పరిశోధనలో స్విట్జర్లాండు బాలబాలికలకు ఫ్రెంచి అభ్యర్థుల చిత్రములు చూపి, 'మీ పడవకు నాయకునిగా ఎవరిని పెట్టుకొంటారు?' అని అడిగితే, ఆ పసివారి ఎంపిక కూడా దాదాపు అదే పాళ్ళలో ఫ్రెంచి ఓటర్ల తీర్పుతో కలిసినది. మన దేశములో 2015 నుండి ఓటింగు యంత్రము మీది పత్రములో అభ్యర్థి ఫొటో కూడా ముద్రిస్తున్నారు. ఒకే పేరుగల అభ్యర్థుల వలన తికమక కలుగకుండుటకే ఆ ఏర్పాటు, సంతోషమే. ఐతే ముఖము కూడా ప్రచారము చేస్తుందన్నది దాని వెంట వచ్చిన సంగతి.

ముఖము అనగానే తెలుగువారికి గుర్తుకు వచ్చే ముఖమొకటి ఉన్నది. 1957 నాటి 'మాయాబజార్'లో కృష్ణుడుగా, 1963 నాటి 'లవకుశ'లో రాముడుగా ఇంటింటి పటమైన నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశము పార్టీని స్థాపించినారు. 1983 జనవరిలో ఎన్నికలు. పట్టుమని పది నెలలైనా నిండని పార్టీ, 294 స్థానముల సభలో రెండు వందల దరిదాపు స్థానములు గెలిచినది. 1956లో రాష్ట్రమేర్పడిన నాటి నుండి ఎడతెగక పాలించిన కాంగ్రెసు మొదటిసారి ఓడినది. దీనికి బయటివారు చెప్పిన కారణము తేలికైనది: అమాయక జనము వెండితెర దేవునికి ఓటు వేసినారని. మేము దీనిని ఒప్పుకొనలేము. అదే ముఖము 1989లోనూ ఉన్నది. ఆ యేడు కల్వకుర్తి ఓటర్లు ముఖ్యమంత్రిగా ఉన్న ఆయననే ఓడించినారు, రాష్ట్రము కూడా చేయి జారినది. దేవునికి వేసిన ఓటైతే ఆరేండ్లలో వెనుకకు తీసుకొనరు గదా.

1983 ఓటు వెనుక ముఖము కన్న లోతైనది గాయపడిన మర్యాద అని మా అభిప్రాయము. 1978 నుండి అయిదేండ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, ఈ నలుగురు ముఖ్యమంత్రులు వరుసగా మారినారు. మార్పిడి నిర్ణయము ఢిల్లీలో జరిగేది, వార్త హైదరాబాదుకు వచ్చేది. 1982లో బేగంపేట విమానాశ్రయములో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ఎదుట కించపరిచినారన్న వార్త ఊరూరా పాకినది. అంజయ్య పాలనను మెచ్చనివారు కూడా ఆ వార్తను తమ ఇంటి పెద్దకు జరిగిన అవమానము వలె తీసుకొన్నారు. 'ఆత్మగౌరవము' అన్న మాట చైతన్యరథము మీది నుండి వినబడినప్పుడు జనమునకు అది కొత్త సంగతి కాలేదు. తమలో పేరు లేకుండా ఉన్న బాధకు పేరు దొరికినది.

ఐతే అదే ప్రచారములో కిలో రెండు రూపాయల బియ్యము కూడా ఉన్నది. ఓటరును కదిలించినది ఏది, గౌరవమా, బియ్యమా? మా పెద్దల తరమును అడిగినప్పుడు చదువుకొన్నవారు గౌరవమన్నారు, కూలి చేసుకొన్నవారు బియ్యమన్నారు. మొదట మాకు ఇది స్పష్టమైన విభజనగానే తోచినది. మా వీధిలోని ఒక వృద్ధురాలితో మాట్లాడిన మీదట ఆ స్పష్టత పోయినది. ఆమె చెప్పినది ఇది: అంతకు ముందు నెలాఖరులో అప్పు బియ్యము కోసము షావుకారు అరుగు ముందు కొంగు పట్టుకొని నిలబడేవారట. చౌక బియ్యము వచ్చిన తరువాత 'నిలబడలేదు బాబూ' అన్నది. 'కడుపు నిండింది' అని ఆమె అనలేదు. బియ్యము పేరు మీద ఆమె చెప్పినది గౌరవమే. గౌరవము పేరు మీద చెప్పిన చదువరులలో మాత్రము, తమ వర్గమునకు అధికారము వచ్చునన్న ఆశ ఎందరికి లేదు? కారణము పైకొక పేరు పెట్టుకొని వస్తుంది. ఇంటిపేరు విచారించనిదే గుర్తు దొరకదు.

1977 ఎన్నికలు ఇందుకు మరొక ఉదాహరణ. అత్యవసర పరిస్థితి దేశమంతటికీ ఒక్కటే. కాని ఉత్తరప్రదేశ్‌లో 85, బీహారులో 54 స్థానములలో కాంగ్రెసుకు ఒక్కటీ దక్కలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42లో 41 కాంగ్రెసు గెలిచినది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే ఎదురు నిలిచినారు. పత్రికా స్వాతంత్ర్యము, ప్రాథమిక హక్కులు ఇక్కడివారికి మాత్రము అక్కరలేదా? అక్కడ బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల దెబ్బ గ్రామగ్రామమున మనుష్యుల దేహములకు తగిలినది. ఇక్కడ దాని తీవ్రత అంతగా లేదు. సిద్ధాంతము విన్న చెవి కన్న దెబ్బ తిన్న ఒళ్ళు త్వరగా ఓటు వేస్తుంది. ఆ ఎన్నికలలో ఉత్తరాది ఓటరు పోలింగు దినము వరకు నోరు విప్పలేదు. తన పక్షము తక్కువైనదని తోచినవాడు బయట మౌనము వహిస్తాడని, ఆ మౌనము చూచి ఎదుటి పక్షము మరింత పెద్దదిగా కనబడుతుందని జర్మను పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నోయ్‌మన్ 1974లో ప్రతిపాదించినారు. మన 'గాలి' అన్న మాటలో ఈ సిద్ధాంతము సగమున్నది. 'ఓడేవాడికి వేసి ఓటు మురగబెట్టుకోవద్దు' అన్న మాటలో మిగతా సగమున్నది. గెలిచే గుఱ్ఱము మీద పందెము కాసినట్లు ఓటు వేసేవారికి నిజానికి వచ్చే బహుమతి ఏమీ లేదు, ఫలితము నాటి రాత్రి వీధిలో తల ఎత్తుకొని తిరగడము తప్ప. ఆ ఒక్క రాత్రి కొరకే వేసేవారు కొల్లలు.

ఇంతవరకు ఇతరుల ఓట్లను గురించి వ్రాసినాము. అనగా చీటీకి రెండవ వైపు. మొదటి వైపు వ్రాయకపోతే విద్యార్థుల ఎదుట న్యాయము కాదు.

కొన్నేండ్ల క్రిందటి ఎన్నికలలో మేము ఒక అభ్యర్థికి ఓటు వేసినాము. ఎందుకని మిత్రులు అడిగితే ఆయన విద్యావంతుడని, స్థానిక సమస్యలు తెలిసినవాడని చెప్పినాము, ఇంకా రెండు మూడు కారణములు కూడా చెప్పినట్లు జ్ఞాపకము. అవన్నీ నిజములే. కాని ఎదుటి అభ్యర్థి కూడా విద్యావంతుడే, ఆయనకూ స్థానిక సమస్యలు తెలుసును. ఈ వ్యాసము కొరకు చదువుచుండగా ఒక రాత్రి అసలు సంగతి తట్టినది. మా తండ్రిగారు మరణించిన దినమున ఆ అభ్యర్థి, అప్పటికి ఆయన అభ్యర్థి కాడు, జనాజాకు వచ్చినాడు. మసీదు నుండి కబరస్తాన్ వరకు ఎండలో నడిచి, దారిలో కొంత దూరము భుజము పట్టినాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అంతే. పోలింగు గదిలో అట్ట తెర వెనుక మేము బటన్ నొక్కినప్పుడు నొక్కినది ఆ భుజము కొరకని ఇప్పుడు తెలిసినది. అది తప్పా? తప్పని అనలేకపోతున్నాము, ఒప్పని కూడా అనలేకపోతున్నాము. తప్పు ఏదైనా ఉంటే, మిత్రులకు విద్యావంతుడని చెప్పుటలో ఉన్నది.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో బహుమానమును గురించి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో, ఇచ్చిన వస్తువు వెంట తిరిగి ఇవ్వవలసిన బాధ్యత కూడా వస్తుందని చూపినాడు. మన రెండు భాషలలోను ఈ భావమునకు ఉప్పే గుర్తు. తెలుగులో 'ఉప్పు తిన్నాము' అంటాము, ఉర్దూలో 'నమక్' పేరెత్తితే చాలును. ఎన్నికల ముందు రాత్రి నోట్లు పంచేవారికి మోస్ తెలియకపోవచ్చును గాని ఈ ఉప్పు సంగతి బాగుగా తెలుసును. చట్టము దృష్టిలో అది అవినీతి. పుచ్చుకొన్నవాని మనసులో అది ఋణము. అందుకే నోటుతో పాటు ప్రమాణము కూడా చేయించుకొనేవారున్నారు. రెండు వైపులా పుచ్చుకొని తనకు నచ్చినవానికి వేసేవాడు తెలివైనవాడని నవ్వుకొంటాము. కాని ప్రమాణము చేసి తప్పలేక, తన మనసుకు విరుద్ధముగా ఓటు వేసి వచ్చిన నిరుపేద నిజాయితీపరుడనే మాట కూడా నిజము. అతని నిజాయితీని కొనుక్కొన్నవానిదే పాపమని మేము భావిస్తాము.

భయమును గురించి కూడా చెప్పవలెను. మా వంటి సంస్థల వార్షిక సంచికలో దానిని దాటవేయుట మర్యాద కాదు. 'మైనారిటీల ఓటు గంపగుత్తగా పడుతుంది' అని పత్రికలు వ్రాస్తాయి, మనలో కొందరు పెద్దలు కూడా అదొక బలమన్నట్లు చెప్పుకొంటారు. ఒకే ఇంటిలో అన్నదమ్ములు వేరువేరు పక్షములకు పనిచేయడము మనము ఎరుగనిదా? ఐతే కొన్ని ఎన్నికలలో ఓట్లు ఒక చోట చేరిన మాట నిజమే. అప్పుడు పనిచేసినది ఐకమత్యము కన్న ఎక్కువగా నష్టభయము. లాభము ఇచ్చే సంతోషము కన్న అంతే నష్టము కలిగించే బాధ బరువైనదని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో చూపినారు. ఉన్నది పోవునేమో అన్న భయముతో ఓటు వేసినవాడు గెలిచినవానిని మళ్ళీ పోయి ఏమీ అడుగడు. ఏమీ పోలేదు గదా, అదే చాలునంటాడు. వీధి దీపము, ఆడపిల్లల హాస్టలు, కాలువ పూడిక అడుగవలసినవారు అడుగరు. భయపెట్టినవాడికీ ఓటు అక్కర లేదు, కాపాడుతానన్నవాడికీ పని అక్కర లేదు. ఓటు రహస్యమే అయినను పోలింగు కేంద్రముల వారీగా లెక్కలు వెల్లడి అవుతాయి కనుక, 'మీ వాడ మాకు వేయలేదు' అన్న మాట ఫలితముల తరువాత వినవలసి వస్తుంది. మనిషిని దాచిన చట్టము వాడను దాచలేకపోయినది.

ఇన్ని చాటు కారణములున్నప్పుడు అసలు ఓటు వేయుటయే ఎందుకని 1957లో ఆంథొనీ డౌన్స్ అను ఆర్థికవేత్త అడిగినాడు. ఒక్క ఓటుతో ఫలితము మారే అవకాశము బహు తక్కువ, పోయి వరుసలో నిలుచుట కష్టము. ఆయన లెక్క ప్రకారము బుద్ధిమంతుడు ఇంట కూర్చోవలెను. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానములో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచినారన్నది డౌన్స్‌కు చెప్పదగిన జవాబే గాని, అటువంటివి అరుదు. మానవశాస్త్రజ్ఞురాలు ముకులికా బెనర్జీ 2014లో ప్రచురించిన గ్రంథములోని జవాబు మాకు ఎక్కువ నచ్చినది: మన దేశములో పేదలకు ఆ వరుసలో నిలుచుటయే ఒక గౌరవము. దొర వెనుక కూలి కాదు, ముందు వచ్చినవాని వెనుక తరువాత వచ్చినవాడు. మా ఊరిలో వేలి మీది సిరా చుక్కను సబ్బుతో తోమకుండా కాపాడుకొనే ముసలివారున్నారు.

వేసే చోటు కూడా మనసును కదుపుతుందట. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో 2000లో విద్య కొరకు అమ్మకపు పన్ను పెంచవచ్చునా అని ఓటు అడిగినప్పుడు, బడులలో ఓటు వేసినవారు ఇతర చోట్ల వేసినవారి కన్న కొంచెము ఎక్కువగా ఔనన్నారు. ఎన్నికల దినమున మా కళాశాల గదులు కూడా పోలింగు కేంద్రములే. కమిటీ పెద్దలు గోడలకు సున్నము వేయించే ఆలోచన చేయునప్పుడు ఈ పరిశోధనను జ్ఞాపకము పెట్టుకొనవలెనని సవినయముగా మనవి.

ఓటు వేసి బయటికి వచ్చిన తరువాత కూడా మనసు పని ఆపదు. కెనడాలో 1976లో ప్రచురించిన ఒక పరిశీలనలో, ఓటు వేయబోవునప్పటి కన్న వేసి వచ్చిన తరువాత తమ అభ్యర్థి మీద ఓటర్లకు నమ్మకము ఎక్కువగా కనిపించినది. నడుమ గడిచినవి కొద్ది నిముషములు మాత్రమే, అభ్యర్థి ఆ లోపల చేసిన ఘనకార్యమేమీ లేదు. 1960లో జాన్ కెనడీకి పడినవి సగమునకు కొంచెము తక్కువ ఓట్లు. 1963లో ఆయన హత్య జరిగిన పిమ్మట అడిగితే, తాము కెనడీకే వేసినామన్నవారు మూడింట రెండు వంతుల వరకు తేలినారు. జ్ఞాపకము కూడా ఒక విధమైన ఓటే, కాకపోతే దానిని మార్చి వేసుకొనవచ్చును.

ఈ కారణము చేతనే చీటీలను ఎన్నికలైన వెంటనే వ్రాయించవలెనని మాకు తోచినది. ఇన్నాళ్ళు ఆగి వ్రాయించుట మా పొరపాటు. రాబోయే ఎన్నికలలో పోలింగు మరునాడే విద్యార్థులు తమకు వీలైన చోట కూర్చొని వ్రాసి, కళాశాల తెరిచిన తరువాత తెలుగు శాఖలోని పెట్టెలో వేయవచ్చును. ఈసారి చీటీలో మూడవ ప్రశ్న ఒకటి చేర్చదలచినాము: 'ఎవరికీ చెప్పని కారణము'. ఉర్దూలో వ్రాసినను సరే. ఉర్దూ శాఖలోని మిత్రులు చదివి పెట్టుటకు ఒప్పుకొన్నారు. పేరు మాత్రము వ్రాయవద్దు.